గాలం ముల్లు, చవక ఎర: బెజవాడ నీళ్ళలో ఒక చిన్న చరిత్ర

మన వన్‌టౌన్ గురించి రాసినవారు కనకదుర్గమ్మ కొండను గురించి, ఆనకట్టను గురించి, రైలు వంతెనను గురించి, కాళేశ్వరరావు మార్కెట్టును గురించి విస్తారంగానే రాశారు. కాలువ గట్టున వెదురుకర్ర పట్టుకుని పూటల తరబడి కూర్చునే మనిషిని గురించి రాసింది మాత్రం నా కంటబడలేదు. వల వేసేవాడిది వృత్తి. దానికి కులమూ, సంఘమూ, లెక్కాపత్రమూ ఉన్నాయి. గాలం వేసేవాడిని మన పెద్దలు పనిలేనివాళ్ళ జాబితాలో చేర్చి ఊరుకున్నారు.

ఆ మనిషి చేతిలో ఉండేవి నాలుగే వస్తువులు: కర్ర, దారం, ముల్లు, ఎర. వీటిలో ఎర నిన్నమొన్నటిదాకా గట్టున తవ్వుకుంటే దొరికేది, దానికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడది కూడా ఆకుపచ్చ, గులాబీ, తెలుపు రంగుల్లో మెత్తటి ప్లాస్టిక్ చేపపిల్లలుగా పొట్లాల్లో వస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ చాక్లెట్లతోపాటు, బాదంపప్పుతోపాటు తండ్రికి ఒక పొట్లం తెస్తున్నారు. వాటిని అక్కడ జిగ్ అంటారు. పదవీ విరమణ తర్వాత గాలం చేతబట్టిన మన సభ్యులు కొందరు "ఇది మన నీళ్ళలో పనిచేస్తుందా? పింఛను డబ్బుతో కొనదగిన వస్తువేనా?" అని అడుగుతున్నారు. ప్రశ్న చిన్నదే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి.

గాలాన్ని వినోదంగా చూడటం దొరలతో వచ్చిన అలవాటని మనలో చాలామంది అనుకుంటారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం' అనే గ్రంథంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉంది. రాజు కాలక్షేపానికి గాలం వేయాలంటే ముందు ఏ చేపకు ఏ మేత పెట్టి మచ్చిక చేయాలి, కర్ర ఎలా ఉండాలి, దారం ఎలా ఉండాలి అనే విషయాలన్నీ అందులో ఉన్నాయి. వేంగి దేశం మీద కూడా ఆ రోజుల్లో కొంతకాలం ఆ చాళుక్యుల పెత్తనం నడిచింది కనుక ఇది మనకు మరీ పరాయి గ్రంథమేమీ కాదు. రాజు గాలం వేస్తే వినోదం, గుమాస్తా వేస్తే సోమరితనం అనే తేడా ఎప్పుడు వచ్చిందో గాని, ఆ గ్రంథంలో అసలు సూత్రం మాత్రం స్పష్టంగా ఉంది. చేప ఏమి తింటుందో తెలుసుకోకుండా ముల్లు నీళ్ళలో వేయకూడదు. ఎనిమిది వందల తొంభై ఏళ్ళ తర్వాత కూడా చవక ఎరకు, దండగ ఎరకు తేడా అక్కడే తేలుతుంది.

ఇక మన కృష్ణ సంగతి. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య లేచింది. కట్టించిన ఇంజనీరు కెప్టెన్ చార్లెస్ ఓర్. నేటి గాంధీకొండను మన తాతల కాలంలో ఆయన పేరుతోనే ఓర్ హిల్ అని పిలిచేవారు. సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు అచ్చయింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందులో గాలము అనే మాట ఉంది. మాట పాతదే, నీళ్ళు మాత్రం కొత్తవి అయ్యాయి. అంతకుముందు వేసవికి చిక్కి వరదకు పొంగే నది ఒక్కటే ఉండేది. ఆనకట్ట తర్వాత ఎగువన నిలవ నీరు, దిగువన సుడులు తిరిగే మడుగులు, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, వాటి లాకులు, లాకుల కింద లోతులు ఏర్పడ్డాయి. గాలం వేసేవాడికి ఇంతకన్నా పెద్ద కానుక ఎవరూ ఇవ్వలేదు. ఇంటినుంచి నడిచిపోయే దూరంలో నాలుగు రకాల నీళ్ళు అమరాయి.

చేపలకు మాత్రం అది కానుక కాదు. సముద్రంనుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే పొలస, అంటే గోదావరివారి పులస, ఆనకట్ట దగ్గర ఆగిపోయింది. విచిత్రమేమంటే ఈ సంగతిని సర్కారు దృష్టికి తెచ్చినవాళ్ళలో ఆనకట్టల పితామహుడైన సర్ ఆర్థర్ కాటన్ దొర కూడా ఒకడు. నదులకు అడ్డంగా కట్టిన కట్టలవల్ల చేపల రాకపోకలకు హాని జరుగుతుందని ఆయన 1867లోనే హెచ్చరించాడు. ఆ తర్వాత డాక్టర్ ఫ్రాన్సిస్ డే దేశమంతా తిరిగి మంచినీటి చేపల మీద 1873లో నివేదిక ఇచ్చాడు. అదే 1873లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం మంగుళూరులో అచ్చువేయించాడు. కొండ ఏరుల్లో పెద్ద చేపలు పట్టే స్తోమత అందరికీ ఉండదని కాబోలు, 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరొకటి రాశాడు. మన రెవెన్యూ శాఖ పాత ఉద్యోగులు గర్వపడవచ్చు, ఆయన జిల్లా కలెక్టరుగా పనిచేసినవాడు.

పొలస పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆ చేప నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. దాన్ని పట్టేది వలే. గాలంతో పొలసను పట్టానని ఎవరైనా చెబితే కాఫీ ఇప్పించి పంపేయడం మంచిది.

ముల్లు చరిత్రను త్వరగా ముగిస్తాను. ఊరి కమ్మరి చేసిన కొంకిని వెనక్కి నెట్టి విదేశీ ముల్లు వచ్చింది. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరు సూదులకు ప్రసిద్ధి. సూది చేసే చేతులే గాలపు ముల్లూ చేశాయి. నార్వేలో 1832లో మొదలైన మస్టాడ్ కంపెనీ 1877నుంచి యంత్రంతో ముళ్ళు తయారుచేసి ప్రపంచమంతటికీ పంపింది. యంత్రం వచ్చాక ముల్లు చవకైంది, ఒకటి తెగిపోతే ఏడ్వనక్కరలేని వస్తువైంది. దారం విషయంలో మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. నూలు దారం నీళ్ళలో నానితే బరువెక్కేది, చివికేది, చేపకు కనబడేది. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించింది. యుద్ధం ముగిశాక ఆ సన్నని పోగు మెల్లగా మన కాలువ గట్లదాకా చేరింది. నా దృష్టిలో గాలం చరిత్రలో అసలైన విప్లవం ఇదే. ప్లాస్టిక్ ఎర దాని వెనకాల వచ్చిన తమ్ముడు మాత్రమే.

1952లో పాత ఆనకట్టకు గండి పడటం, 1954లో కొత్త బ్యారేజీ పని మొదలుకావడం, 1957 డిసెంబరులో ప్రారంభం కావడం మనలో పెద్దవాళ్ళకు గుర్తున్న సంగతులే. డెబ్బై ఖానాల ఆ కట్టడానికి అదే ఏడు మే నెలలో కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది కూడా ఆ 1957 ఏప్రిల్‌లోనే. ఆ తర్వాత ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం రావడంతో బ్యారేజీ కింద నీరు ఏడాదిలో చాలా భాగం పలచబడింది. ఇసుకలో మడుగులు మిగిలాయి. మళ్ళీ 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల నలభై వేల క్యూసెక్కులకు పైబడిన వరద వచ్చి, పడవలు కొట్టుకువచ్చి గేట్లను గుద్దిన దృశ్యం అందరం చూశాం. మడుగులు ఎక్కడుండేవో, ఇసుకమేటలు ఎక్కడుండేవో వరద వచ్చిన ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవలసిందే.

ఇప్పుడు ఎర. వన్‌టౌన్ గట్లమీద ఎరల చదువు బడిలో నేర్పేది కాదుగాని, చాలా పకడ్బందీ చదువు. వానపాములు, మనవాళ్ళ మాటలో ఎర్రలు, మొదటి పాఠం. జెల్ల, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి వంటివి అడుగున వాసనపట్టి తిరిగేవి, వాటికి ఎర్ర ఉంటే చాలు. శీలావతికి, మోసుకు పిండి ముద్ద కావాలి. తవుడు, గోధుమపిండి, మైదా, వేరుసెనగ చెక్క వీటితో ఎవరి పాళ్ళు వారివి. ఆ పాళ్ళు అడిగితే సొంత తమ్ముడికి కూడా చెప్పరు. పిండి బిరుసుగా ఉంటే ముల్లుకు నిలుస్తుందిగాని చేపకు రుచించదు, మెత్తగా ఉంటే నీళ్ళలో పడగానే కరిగిపోతుంది. చెంప మీద వేలితో నొక్కితే ఎంత మెత్తన తగులుతుందో అంత మెత్తన ఉండాలని ఒక కొలత. బొచ్చె పైనీటిలో తేలే సన్నని మేత తినేది కనుక దాన్ని గాలానికి తేవడం ఓపికున్నవాళ్ళ పని. కొరమీనుకు బతికిన కప్పపిల్లే ఎర. మట్టగిడసకు చిన్న పరిగెపిల్ల. ఇసుకదొందు మరీ ఆశపోతు, కదిలేది ఏదైనా నోట వేసుకుంటుంది. బెండుగా నెమలి ఈక కాడ ముక్క, బరువుకు సీసపు గుండు. అంతే సరంజామా.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మరో ప్రపంచం కనబడేది. నీరు దిగిపోయి లాకుల కింద, వంతెన కానాల కింద గుంటలు మిగిలేవి. చేపలన్నీ ఆ గుంటల్లోకి చేరేవి. అప్పుడు పిల్లలు, ముసలివాళ్ళు, సెలవులకు వచ్చిన అల్లుళ్ళు అందరూ గాలగాళ్ళే. ఆ నెలన్నర రోజుల్లో ఎర గురించి ఎవరూ వాదించుకునేవారు కాదు, ఏది వేసినా పడేది. కాలువలో నీరు వదిలిన తర్వాతగాని ఎవరి విద్య ఎంతో బయటపడేది కాదు.

ఈ చదువు ఖరీదు డబ్బులో లేదని గమనించాలి. అది కాలంలో ఉంది, చూపులో ఉంది. జీతం తక్కువ మనిషికి ఆదివారాలు ఉన్నాయి కనుక అది సరిపోయింది. కాలువల్లోకి ఊరి మురుగు చేరాక, గట్లకు సిమెంటు గోడలు లేచాక ఎర్రలు తవ్వుకునే తడినేల తగ్గింది. కొట్లో కొనే ఎరకు చోటు దొరికింది ఆ ఖాళీలోనే.

ఆ కొనే ఎర పుట్టుక ఇలా జరిగింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో తన భార్య కాస్మాతో కలిసి వంటింటి పొయ్యిమీద ద్రవరూపంలోని ప్లాస్టిక్‌ను కాచి, అచ్చులో పోసి, మెత్తటి వానపామును తయారుచేశాడు. ఏక్రన్ రబ్బరు టైర్లకు పేరుపడిన ఊరు. పీవీసీ పొడిలో మెత్తబరిచే నూనె కలిపి సుమారు 175 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తే అది గడ్డకట్టి జున్నులాగా సాగుతుంది. చేప కొరికినా వెంటనే ఉమ్మేయదు. అంతవరకు ఎక్కువగా కొయ్యతో, లోహంతో, ఈకలతో చేసిన కృత్రిమ ఎరలు ఉండేవి, వాటి ఖరీదు ఎక్కువ. మెత్తటి ప్లాస్టిక్‌ను ఒక అచ్చులో వేలకొద్దీ పోయవచ్చు.

జిగ్ అనేది ఈ మెత్తటి శరీరానికి తగిలించిన సీసపు తలకాయ. తలకాయలోనుంచే ముల్లు వస్తుంది. నీళ్ళలో వేసి కర్ర కొనను కొంచెం ఎత్తి దించితే తల ముందు మునుగుతుంది, తోక అల్లల్లాడుతుంది, దెబ్బతిన్న చేపపిల్లలా కనబడుతుంది. అమెరికాలో క్రాపీ అనే చేపకు ఇది ప్రాణం. నల్లది, తెల్లది అని రెండు జాతులు. పెదవి కాగితంలా పలచన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. చిన్న చిన్న చేపపిల్లలను తింటూ నీటి మధ్యలో గుంపుగా నిలబడి ఉంటుంది. అందుకని దానికి వేసే జిగ్ చాలా చిన్నది. ఔన్సులో పదహారో వంతు తల అంటే సుమారు 1.8 గ్రాములు, మన కంసాలి లెక్కలో పదిహేను గురివింద గింజల ఎత్తు. ముప్పైరెండో వంతువి కూడా ఉన్నాయి. డాలస్ పరిసరాల్లో ఉన్న మనవాళ్ళ దగ్గరకు వెళ్ళిన సభ్యులు అక్కడి చెరువుల ఒడ్డున వీటిని చూసే ఉంటారు. టెక్సాస్‌లో పెద్దలు గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. అల్లుడి మాట నమ్మి కర్ర పట్టుకోకుండా ముందు ఆ కాగితం అడగండి.

అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో ఈ క్రాపీకి చక్రం లేని పొడవాటి కర్రతో, దారం కొనకు కట్టి, నిలువుగా ఎరను దించి పట్టే పాత పద్ధతి ఉంది. ఒకప్పుడు ఆ కర్ర కూడా మన వెదురు జాతిదే. అంటే వించిపేట వెదురుకర్రకూ మిసిసిపీ కర్రకూ చుట్టరికం ఉందన్నమాట. ఖరీదైన చక్రం కొనకుండానే ఈ జిగ్‌ను మన కర్రకు కట్టుకోవచ్చు.

చవక అనే మాటకు అసలు అర్థం కూడా దాని నిర్మాణంలోనే ఉంది. తల వేరు, తోక వేరు. చేప కొరికితే చిరిగేది తోక మాత్రమే. మన ఉద్యోగకాలంలో బాల్‌పెన్ను ఒకటే ఉంచుకుని రీఫిల్లు మార్చుకున్నట్టు, తల ఉంచుకుని తోక మార్చుకోవచ్చు. కనుక కొనేటప్పుడు తోకలు ఎక్కువ, తలలు తక్కువ ఉన్న పొట్లం లాభం. తలను మాత్రం నాసిరకం కొనకూడదు. ముల్లు మొన గోటిమీద పెట్టి కదిపితే జారకుండా పట్టాలి. జారితే అది ఎంత చవకైనా దండగే.

మన నీళ్ళలో దేనికి పనికొస్తుందంటే, ఇతర చేపలను వేటాడి తినే చేపలకు మాత్రమే. ప్లాస్టిక్‌కు వాసన లేదు, రుచి లేదు, చూపుకు ఆనేది దాని కదలిక ఒక్కటే. శీలావతి, మోసు, బొచ్చెల ముందు ఎన్ని రంగులు ఆడించినా ఫలితం ఉండదు. జెల్ల, బొమ్మిడాయిలకు ఎర్రే మేలు. ఇసుకదొందు, మట్టగిడస, చిన్న కొరమీను, ఒక మాదిరి వాలుగ, కింద అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పునీటి పోటు తగిలేచోట పండుగప్ప, ఇవీ జిగ్ వెంట పడేవి. ఒకటిన్నర, రెండు అంగుళాల తోక మొదటి రెండింటికీ సరిపోతుంది. కదలని నీటిలో పదహారో వంతు తల, బ్యారేజీ దిగువ పారే నీటిలో ఎనిమిదో వంతు. బురద నీటిలో నలుపు గాని, కళ్ళు చెదిరే ఆకుపచ్చ గాని. తేట నీటిలో తెలుపు. ఇంతకుమించి రంగులు అమ్మేవాడి లాభానికే. దారం సన్నగా ఉండాలి. మోకు లాంటి దారానికి గురివింద గింజల బరువు కడితే అది మునగదు, ఆడదు. ఇంకొకటి, ఈ తోకలను మామూలు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోసి పెడితే డబ్బానే కరిగించుకుంటాయి, ఒక రంగు మరో రంగుకు అంటుతుంది. వచ్చిన పొట్లంలోనే ఉంచాలి. బెజవాడ మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో వదిలేస్తే సాయంత్రానికి తోకలన్నీ ఒకే ముద్ద.

పెద్ద కొరమీనుకు జిగ్ కన్నా బోలు రబ్బరు కప్ప మంచిది. తామరాకుల మీద, నాచు మీద చిక్కుకోకుండా జారుతుంది. బతికిన కప్పను కట్టే అలవాటు మానడానికి ఇదొక దారి. మన దేశంనుంచి కప్పకాళ్ళు విదేశాలకు టన్నుల లెక్కన పోయి, వరిపొలాల్లో పురుగులను తినే కప్పలు తగ్గిపోతుంటే 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. సరిగ్గా ఆ సంవత్సరమే ఇంగ్లండులో మరో నిషేధం వచ్చింది. గాలగాళ్ళు పారేసిన సీసపు గుండ్లను మింగి హంసలు చచ్చిపోతున్నాయని 28 గ్రాములలోపు సీసపు గుండ్ల అమ్మకాన్ని అక్కడ ఆపేశారు. బొత్తిగా కనబడనంత సన్నని రవ్వలను మాత్రం మినహాయించారు.

ఈ సీసం విషయం మన ఇళ్ళకు సంబంధించినది, అందుకే కొంచెం నొక్కి చెబుతున్నాను. గుండును దారానికి బిగించడానికి పళ్ళతో నొక్కడం మన గట్లమీద అందరూ చేసే పని. పక్కన కూర్చున్న మనవడు చూసి అదే నేర్చుకుంటాడు. సీసం ఒంట్లో చేరితే పెద్దవాళ్ళకన్నా పిల్లల మెదడుకు ఎక్కువ హాని చేస్తుంది. పాత బ్యాటరీ పలకలు కరిగించి ఇంట్లో తలలు పోసుకోవడం ఇంకా ప్రమాదం, ఆ పొగ, ఆ బూడిద ఇల్లంతా పడుతుంది. పటకారు ఒకటి జేబులో వేసుకుంటే పోతుంది. గుండు, జిగ్ ముట్టుకున్న చేతులను పలహారం పొట్లం విప్పకముందే సబ్బుతో కడుక్కోవాలి. తగరంతో, ఇత్తడితో, టంగ్‌స్టన్‌తో చేసిన తలలు కూడా ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువే. పిల్లలను వెంట తీసుకుపోయేవాళ్ళు ఇక్కడ మాత్రం చవక చూడవద్దు.

ఎర్ర తెగిపోతే చేపో పీతో తింటుంది, పిండి కరిగిపోతుంది. తెగిన ప్లాస్టిక్ తోక మాత్రం అలాగే ఉంటుంది. చేప మింగితే కడుపులో ఉబ్బుతుంది. చిరిగిన తోకను నీళ్ళలో విసిరేయకుండా పొట్లంలోనే వేసి ఇంటికి తెచ్చుకోవడానికి మనకు అయ్యే ఖర్చేమీ లేదు.

ఆఖరుగా కొరమీను గురించి. వానలు పడ్డాక జంట కొరమీనులు తమ పిల్లల మందకు కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లలు వందలకొద్దీ ముద్దగా పైకి వచ్చి గాలి పీల్చి కిందికి పోతుంటే నీటి మీద చినుకులు పడుతున్నట్టు కనబడుతుంది. ఆ మంద పక్కన రబ్బరు కప్పను పడేస్తే తల్లో తండ్రో కోపంతో వచ్చి కొడుతుంది, ఆకలితో కాదు. అంత తేలిక వేట మరొకటి లేదు. కాపలా పోయిన మంద సాయంత్రానికి ఇతర చేపల పాలో, కొంగల పాలో అవుతుంది. తెలిసిన గాలగాళ్ళు ఆ ఎరుపు కంటబడితే కర్ర ఎత్తి నలభై అడుగులు అవతలికి జరిగి, మళ్ళీ అక్కడ కూర్చుంటారు.